యానిమేషన్‌ల చేరిన. "ఎందుకొచ్చినవ్" అంటే ఒక్క పేజీ రాస్తలేదు

విభాగం: చదువులు › బొమ్మలు, డిజైన్, సినిమా › హైదరాబాద్

సుద్దముక్క (కొత్త సభ్యురాలు) | ఆదివారం, రాత్రి 9:50

అందరికి నమస్తే. మాది సిద్దిపేట దగ్గర పల్లె. ఈ యేడు ఫాడీ (ఫైన్ ఆర్ట్స్, డిజైన్ ఎంట్రన్స్) రాసి బీఎఫ్‌ఏ యానిమేషన్‌ల సీటు తెచ్చుకున్న. పట్నం వచ్చి మూడు వారాలైంది. ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) ర్యాంకు గూడ మరీ పారేసేటిది కాదు, అందుకే మా బాపు ఇంక సరిగ్గ మాట్లాడుతలేడు. ఫోన్ జేస్తే "తిన్నవా" అంటడు, అమ్మకిస్తడు.

అసలు సంగతికొస్త. మా సార్ మొదటి వారమే ఒక పేజీ రాయమన్నడు. ఈ కోర్సుకు ఎందుకొచ్చినవ్, నాలుగేండ్లు అయినంక నీ చేతిల ఏముండాలె అని. నేను రాసింది ఇది:

"చిన్నప్పటి నుండి నాకు బొమ్మలంటే ప్రాణం. ఛోటా భీమ్ చూస్తూ పెరిగాను. పెద్ద స్టూడియోలో పనిచేసి తెలుగు యానిమేషన్‌ను ప్రపంచ స్థాయికి తీసుకెళ్ళడమే నా లక్ష్యం."

సార్ కింద ఎర్రపెన్నుతోని ఒక్కటే లైన్ రాసిండు: "పేరు కొట్టేస్తే ఈ కాగితం ఎవరిది?"

క్లాసుల సగం మందికి గదే వచ్చిందట, అదొక్కటే ధైర్యం. శుక్రవారం లోపల మల్ల రాసియ్యాలె. నేను రాసింది అబద్ధమైతే కాదు. గని ఎందుకొచ్చినవ్ అని నన్ను నేనే అడుగుకుంటే ఇంకో మాట వస్తలేదు. మీరైతే ఏం రాద్దురు?

మాసాబ్‌ట్యాంక్_మూడో_యేడు | ఆదివారం, రాత్రి 10:12

హహహ, ఎర్రపెన్ను ఇంకా బతికే ఉందన్నమాట. నేను మొదటి యేడు జపాన్ డైరెక్టర్ల పేర్లు నాలుగు రాసిచ్చా. "వీళ్ళందరూ వచ్చారు, నువ్వెక్కడ?" అని రాశారు మా మాష్టారు.

ఛోటా భీమ్ టీవీలోకి వచ్చింది 2008లో, చేసింది మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ళే. నీ ఈడు వాళ్ళందరూ దాంతోపాటే పుట్టారు. కాబట్టి అది కారణం కాదు చెల్లీ, పుట్టిన తేదీ.

రోటో_రాత్రులు | ఆదివారం, రాత్రి 11:35

షిఫ్టులో ఉన్నా, షాట్ రెండర్ అవుతోంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తా.

నేను మాదాపూర్‌లో విఎఫ్‌ఎక్స్‌లో, అంటే సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ పనిలో, 11 ఏళ్ళ నుంచి ఉన్నా. నీ కాగితంలో "పెద్ద స్టూడియో" దగ్గర ఆగిపోయా. అక్కడ మొదటి రోజు ఏమిస్తారో చెప్తా విను. నాకిచ్చిన మొదటి షాటు 96 ఫ్రేములు (సెకనుకి 24 బొమ్మలు), అంటే నాలుగంటే నాలుగు సెకన్లు. హీరోయిన్ వెనక్కి తిరిగి చూస్తుంది. జుట్టు విరబోసుకుంది, పైగా గాలి. వెనకాల గ్రీన్ మ్యాట్ లేదు, మామూలు గోడ. ఆ గోడ తీసేసి కొండలు పెట్టాలట. అంటే ఆవిణ్ణి గోడలోంచి కత్తిరించి తీయాలి. దీన్నే రోటో అంటాం.

చుట్టూ చుక్కలు పెట్టి గీత కట్టాలి, తర్వాతి ఫ్రేములో ఆ గీతను జరపాలి. ముఖానికొకటి, మెడకొకటి, చెవికొకటి, చెయ్యి అయితే వేలువేలుకీ ఒకటి. చెయ్యి జోరుగా కదిలినప్పుడు అంచు మసకబారుతుంది. ఆ మసకలో చెయ్యి ఎక్కడ అయిపోయింది, గోడ ఎక్కడ మొదలైంది? తేల్చాల్సింది నువ్వే. నాకు ఐదు రోజులు పట్టింది. సినిమా వచ్చాక అమ్మను తీసుకెళ్ళా. "నువ్వు చేసిందేదిరా" అంది. "ఆ జుట్టు" అన్నా. "జుట్టు ఆ పిల్లదే కదరా" అంది.

ఏడిపించడానికి చెప్పట్లేదు. ఆ ఐదు రోజుల్లో చేతిని చూసినట్టు నేను జన్మలో ఏ చేతినీ చూళ్ళేదు. కానీ ఒక సంగతి తెలిసి రావాలి: నువ్వు చేరింది యానిమేషన్, బయట ఎక్కువ ఖాళీలుండేది విఎఫ్‌ఎక్స్‌లో. రెండూ ఒకటే అనుకుని వచ్చినవాళ్ళు రెండో ఏడాదికల్లా మొహం మాడ్చుకుంటారు. బొమ్మకు ప్రాణం పోయాలనుందా, ఉన్న మనిషి చుట్టూ లోకం మార్చాలనుందా? ముందు అది తేల్చుకో.

అమ్మాయి_నాన్న | సోమవారం, ఉదయం 6:20

నమస్కారమండి. నేను ఈ రంగం వాణ్ణి కాదు, విజయవాడలో చిన్న ఉద్యోగం. మా రెండో అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఇదే కోర్సు అంటోంది. హైదరాబాద్ వచ్చినప్పుడు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళాను. గంటసేపు కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నారు. ఎక్కడ అని అడిగితే గోడ మీద ఫొటోలు చూపించారు. అందులో ఒక కుర్రాడి ఫొటో రెండు చోట్ల ఉందండి, చొక్కా మారింది అంతే. సుద్దముక్క గారి బాపు ఎందుకు మాట్లాడట్లేదో నాకు బాగా అర్థమైంది. నిజం చెప్పండి, ఇది తిండి పెడుతుందా?

కంపోజిట్_కాకా | సోమవారం, ఉదయం 8:05

అన్నగారూ, గోడ మీది ఫొటోలను నమ్మకండి. డిగ్రీకీ ఆరు నెలల కోర్సుకూ తేడా కూడా అక్కడే ఉంది. కోర్సులో సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. అది కావాలి, కాదనను. కానీ నేను మొదలుపెట్టినప్పుడు వాడిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు లేదు, దాని తర్వాతదీ లేదు. చూపు, చెయ్యి మాత్రం వెంట వచ్చాయి.

తిండి సంగతా? పెడుతుంది, కానీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి పెట్టదు. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా స్టూడియో దివాలా పిటిషన్ వేసింది. సరిగ్గా రెండు వారాలు తిరక్కుండా వాళ్ళు చేసిన 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. మన హైదరాబాద్‌లోనూ వాళ్ళకు స్టూడియో ఉండేది. ఆస్కార్ వచ్చిన పని చేతిలో ఉండీ రెజ్యూమే పట్టుకుని తిరిగిన స్నేహితులు నాకున్నారు. వాళ్ళలో ఎవరూ రోడ్డున పడలేదు లెండి, కానీ ఒకే కుర్చీలో రిటైరయ్యే ఉద్యోగం కాదిది. మీ అమ్మాయికి ఆ నిలకడే కావాలంటే వేరే దారి చూడటం మంచిది. బొమ్మ వేయకుండా ఉండలేని పిల్లయితే మీరు ఆపినా ఆగదు.

సుద్దముక్కా, నీ కాగితంలో "పెద్ద స్టూడియో" తీసెయ్. అది నీ లక్ష్యం కాదు, ఎవరిదో బిల్డింగు.

ప్రాంప్ట్_పులి | సోమవారం, ఉదయం 8:40

నాలుగేళ్ళు ఇన్‌బిట్వీన్లు (రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు) గీసుకుంటూ కూర్చుంటారా ఇంకా? ఏఐలో పేరా టైప్ చేస్తే వీడియో వస్తోంది. ఈ పిల్ల డిగ్రీ పూర్తయ్యేసరికి ఈ ఉద్యోగాలుంటాయా అసలు? ఎంసెట్ ర్యాంకు పారేసుకున్నందుకు జాలేస్తోంది.

రోటో_రాత్రులు | సోమవారం, ఉదయం 8:52

పులి గారూ, మీ వీడియోలో మనిషి మెట్లు దిగుతుంటే ఎడమ కాలి తర్వాత మళ్ళీ ఎడమ కాలే వేశాడని కనిపెట్టేవాడు ఒకడు కావాలి కదా. వాడికి జీతమివ్వాలి. రోటో తగ్గుతుంది, నిజమే, నా పనికే ముందు ఎసరు. అందుకే చెల్లిని రోటో దగ్గర ఆగొద్దంటున్నా.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 9:15

ఏఐ మీద వేరే చర్చ ఉంది, 40 పేజీలు దాటింది. కొట్టుకునేవాళ్ళు అక్కడ కొట్టుకోండి. ఇక్కడ అమ్మాయి కాగితం సంగతి చూద్దాం.

పాత_లైట్‌బాక్స్ | సోమవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా సుద్దముక్కా, నేను ఈ ఊళ్ళో 2డీ పని జోరుగా ఉన్న రోజుల్లో క్లీనప్ చేసినవాణ్ణి. విదేశాల సీరియళ్ళు పెట్టెలకొద్దీ వచ్చేవి. పెగ్ బార్‌కి (కాగితం జరక్కుండా పట్టుకునే పట్టీకి) కాగితం తగిలించి, కింద లైటు వేసి, కీ డ్రాయింగు (కదలికలో ముఖ్యమైన బొమ్మ) మీద కొత్త కాగితం పెట్టి గీత శుభ్రం చేయడం నా పని. ఇప్పటికీ చీకట్లో కాగితం ఇస్తే వేళ్ళతో తడిమి పంచ్ రంధ్రాలు ఎటువైపున్నాయో చెప్తాను. అదొక్కటే మిగిలిన ఆస్తి.

సలహా ఇవ్వను, ఒక ప్రశ్న అడుగుతాను. టీవీ పక్కన పెట్టు, ఫోను పక్కన పెట్టు. కదలని బొమ్మ కదిలినట్టు నీకు మొట్టమొదట ఎప్పుడనిపించింది? ఎక్కడ? అప్పుడు పక్కన ఎవరున్నారు?

సుద్దముక్క | సోమవారం, రాత్రి 10:30

సార్, మీ ప్రశ్న చదివి పొద్దంత క్లాసుల కూసున్న గని మనసు ఇంటికాడనే ఉన్నది.

మేము పద్మశాలీలం. మా తాతకు మగ్గముండె. నాకు ఐదో ఆరో యేండ్లప్పుడు మా వాడకట్టుకు కూనపులోళ్ళు వచ్చిన్రు. మార్కండేయ పురాణం చెప్పేటోళ్ళు. చేర్యాల నకాషోళ్ళు, అంటే బొమ్మలేసేటోళ్ళు, రాసిన పటం ఉంటది వాళ్ళ దగ్గర, ఎర్ర గుడ్డ, పెద్ద చుట్ట. రెండు కట్టెలకు గట్టి పైనుంచి విప్పుతరు. ఒక వరుస బొమ్మలు, కింద పూల గీత, మల్ల ఒక వరుస. ఒకాయన కథ పాడుతడు, చేతిల కట్టె. ఏ బొమ్మ కాడ కట్టె ఆగితే ఆ బొమ్మనే మాట్లాడుతున్నట్టుంటది.

నేను తాత ఒడిల ఉన్న. మా కులపోళ్ళ మూలపురుషుడు భావనారుషి పులి మీద ఎక్కిన బొమ్మ సగమే బయటికొచ్చింది. పులి తల కనవడ్డది, మీద ఎవరున్నరో కనవడలే. ఆయన విప్పుడు ఆపి పాట ఎత్తుకున్నడు. నాకు ఆగుతలేదు. లేచి పోయి చుట్ట గుంజబోయిన. తాత కాళ్ళు వట్టుకొని ఎన్కకు గుంజిండు. అందరు నవ్విన్రు. గప్పుడు ఆ పులి నా దిక్కు చూసింది సార్. నిజంగనే చూసిందనుకున్న చానేండ్లు.

గిది యానిమేషన్‌ల లెక్కకు వస్తదా? అందుల ఏది కదలదు గదా. కట్టె, పాట, ఆయన చెయ్యి, గంతే.

మాసాబ్‌ట్యాంక్_మూడో_యేడు | సోమవారం, రాత్రి 10:34

చెల్లీ. కాగితం అదే. నకలు తీసి ఇచ్చెయ్.

పాత_లైట్‌బాక్స్ | సోమవారం, రాత్రి 11:10

లెక్కకు రావడమేమిటమ్మా, లెక్క మొదలయ్యేదే అక్కడ. సగం బొమ్మ చూపించి ఆపేయడం ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఆయనకు తెలుసు. మేము దాన్ని టైమింగ్ అనేవాళ్ళం. ఆయనేమనేవాడో తెలుసుకో, వీలైతే వెళ్ళి అడుగు.

తోలుబొమ్మ_తిక్క | మంగళవారం, ఉదయం 7:45

అనంతపురం వాణ్ణి, రిగ్గింగ్ (కంప్యూటర్ బొమ్మకు కీళ్ళు అమర్చే పని) చేస్తాను. ఒక్క హెచ్చరిక. చేర్యాల బొమ్మను కంప్యూటర్‌లో పెట్టి నడిపించేద్దామని చాలామంది సరదా పడతారు. పక్కకు తిరిగిన మొహం, పెద్ద కన్ను, గట్టి నల్ల గీత. దానికి 3డీలో కాలూ చెయ్యీ ఆడించావంటే బొమ్మ చచ్చిపోతుంది, టీవీ యాడ్‌లా ఉంటుంది. మా నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడు. భుజం దగ్గర, మోచేతి దగ్గర తోలు ముక్కల్ని దారంతో కీలు కట్టి ఉంటాయి. ఎక్కడ కీలు ఉందో అక్కడే కదులుతుంది, మిగతాది ఆడించేవాడి చేతి విసురు. ప్రతి కీలూ కదలాల్సిన పని లేదు. కొత్త రిగ్గర్లకు ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

'ఈగ' గుర్తుందా, 2012? ఆ ఈగకు కనుబొమ్మల్లేవు, మాట లేదు. అయినా దాని కోపం హాలుకి హాలంతా తెలిసింది. తక్కువ కీళ్ళతో ఎక్కువ చెప్పడం ఎలాగో అందులో చూసి నేర్చుకున్నా నేను.

ప్రాంప్ట్_పులి | మంగళవారం, ఉదయం 9:20

సరే, పటం కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ప్రతి ఆర్ట్ కాలేజీలో ఫైనలియర్‌కి నలుగురు జానపద కళ మీద రెండు నిమిషాల ఫిల్మ్ చేస్తారు. ఫెస్టివల్‌లో చప్పట్లు, తర్వాత? పోర్ట్‌ఫోలియోలో అదొక్కటే పెడితే స్టూడియో వాడు ఏం చేసుకుంటాడు?

కంపోజిట్_కాకా | మంగళవారం, ఉదయం 9:50

ఈసారి పులి అన్నదాంట్లో సగం నిజముంది. రీల్‌లో (నీ పని చూపించే వీడియోలో) నడక, పరుగు, బరువెత్తడం, ఇద్దరు మాట్లాడుకోవడం ఉండాల్సిందే. స్టూడియో చూసేది అవే, అదీ మొదటి అర నిమిషమే. ఫిల్మ్ వేరే పెట్టుకో. రెండూ ఒకే చేత్తో గీసినట్టు తెలిస్తే చాలు.

అమ్మాయి_నాన్న | మంగళవారం, రాత్రి 8:15

చిన్న సందేహమండి. ల్యాప్‌టాప్ లక్ష దాకా అవుతుందంటున్నారు. మొదటి సంవత్సరమే కొనాలా?

మాసాబ్‌ట్యాంక్_మూడో_యేడు | మంగళవారం, రాత్రి 8:40

వద్దండి. మొదటి యేడంతా మేము కాగితాలే తగలేశాం: స్టిల్ లైఫ్, అనాటమీ, పర్‌స్పెక్టివ్. చిన్న పెన్ ట్యాబ్లెట్ కొనిస్తే చాలు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 2025లో యానిమేషన్ ఫీచర్ ఆస్కార్ కొట్టిన లాత్వియా సినిమా 'ఫ్లో' చేసింది దాంతోనే. ఆ డబ్బు రెండో ఏడాదికి దాచండి, గ్రాఫిక్స్ కార్డు ఏది కావాలో అప్పటికి అమ్మాయే చెప్తుంది.

సుద్దముక్క | గురువారం, రాత్రి 11:55

రాసిన. నాలుగుసార్లు చింపిన. ఇది ఐదోది. తప్పులుంటే చెప్పుండ్రి, రేపు పొద్దున ఇయ్యాలె.

"మా తాత ఒడిలో కూర్చుని ఒక పటం కథ విన్నాను. పులి బొమ్మ సగమే విప్పి కథకుడు ఆగాడు. మిగతా సగం చూడాలని లేచి పరుగెత్తాను. ఆయన నన్ను ఎలా లేపగలిగాడో తెలుసుకోవడానికి ఈ కోర్సుకు వచ్చాను.

నాలుగేళ్ళ తర్వాత నా దగ్గర ఉండాల్సినవి: కూర్చున్నవాళ్ళను, నడిచేవాళ్ళను, బరువు మోసేవాళ్ళను చూసి గీయగల చెయ్యి. మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్ళు, చేతులు వేర్వేరు తాళంలో ఆడతాయి, దాన్ని తప్పు లేకుండా యానిమేట్ చేయగలగాలి. రెండు నిమిషాల ఫిల్మ్ ఒకటి. అందులో పటం కదలదు, చూసేవాళ్ళు కదలాలి. దానికి ముందు చేర్యాల వెళ్ళి గుడ్డకు సుద్దమన్ను, చింతగింజల అంబలి ఎట్ల పూస్తారో దగ్గరుండి చూడాలి, వాళ్ళ అనుమతి అడగాలి.

ఉద్యోగం కావాలి. ఏ స్టూడియో అన్నది ఇప్పుడు రాయలేను. మొదటి జీతం వచ్చాక మా బాపు ఫోన్లో 'తిన్నవా' తర్వాత ఇంకో మాట మాట్లాడాలి."

రోటో_రాత్రులు | శుక్రవారం, రాత్రి 12:20

మగ్గం లైన్ చదివి షిఫ్టులో లేచి నిలబడ్డా. ఏమీ మార్చకు.

పాత_లైట్‌బాక్స్ | శుక్రవారం, ఉదయం 6:05

"ఎట్ల" అని ఒకచోట మీ ఊరి మాట వచ్చేసింది, ఉంచెయ్. ఒక్క లెక్క మాత్రం వేసుకో. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. ఒక్కో డ్రాయింగును రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకి 12, మొత్తం 1440 డ్రాయింగులు. క్లీనప్, రంగులు తర్వాతి సంగతి. పటం కదలదు కాబట్టి నీకు కొంత తగ్గుతుంది, కానీ కట్టె పట్టుకున్న చెయ్యి ఉంది చూశావూ, అది తినేస్తుంది నిన్ను.

టైమింగ్ నేర్చుకోవాలంటే ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి రా. మ్యూజికల్ క్లాక్ దగ్గర జనమంతా గంట కొట్టే బుడ్డ మనిషి కోసం కాచుకుంటారు. నువ్వు అతన్ని చూడకు. అందులోనే ఒక కమ్మరి ఉంటాడు, సెకను సెకనుకీ సుత్తి దెబ్బ వేస్తుంటాడు. నీకున్నవి 24 ఫ్రేములు. సుత్తి లేవడానికి ఎన్ని, పడటానికి ఎన్ని? పెన్సిలు, చిన్న పుస్తకం తెచ్చుకో. శుక్రవారం సెలవు, ఇవాళే పరుగెత్తకు.

సుద్దముక్క | ఆదివారం, సాయంత్రం 6:40

సార్ కాగితం తిరిగిచ్చిండు. ఎర్రపెన్నుతోనే: "రెండు నిమిషాలు ఎక్కువ. ఒక్క నిమిషం చెయ్యి." గంతే! 720 తగ్గినయని సంబురపడాల్నా, ఏడ్వాల్నా తెలుస్తలేదు.

బాపుకు ఫోన్ జేసి మగ్గం మీద కాలు ముందు పడతదా, చెయ్యి ముందాడతదా అని అడిగిన. "గది గూడ జదువేనా" అన్నడు. అని పది నిమిషాలు చెప్పిండు. అమ్మకియ్యలే.

ఇయ్యాల మ్యూజియం పోయిన. లైట్‌బాక్స్ సార్, రోటో అన్న, నేను. పన్నెండు గంటలప్పుడు జనం మీద పడ్డరు, అందరి ఫోన్లు పైకి లేసినయ్, కమ్మరి కనవడలే. మల్ల ఒకటిన్నరకు నిలవడ్డం. పడేటప్పుడు నాలుగు ఫ్రేములని నేను, మూడని రోటో అన్న. పైన సుత్తి ఆగుతదా, ఆగదా అన్నది ముగ్గురికి కుదరలే.

పాత_లైట్‌బాక్స్ | ఆదివారం, సాయంత్రం 7:15

ఆగుతుంది. వచ్చే ఆదివారం పదింటికే, జనం రాకముందు.